ఇంటి బాయిలరులో నీటి వేడిమి

రాయపూరునకు ఉత్తరమున, బిలాసపూరు పోవు రాజమార్గము ప్రక్కన, సిల్తారా పారిశ్రామిక వాడ ఉన్నది. స్పాంజి ఇనుము, ఉక్కు, విద్యుత్తు తయారుచేయు కర్మాగారములు అచ్చట అనేకము. రాయపూరు, భిలాయి, బిలాసపూరు ప్రాంతములలో చాలకాలముగా స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఇట్టి పరిశ్రమల నీడన జీవించు వారికి బాయిలరు అను మాట క్రొత్తది కాదు. ఇనుము తయారుచేయు కొలిమినుండి వెలువడు ఉడుకు వాయువులతో నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో విద్యుత్తు తీయు పెద్ద బాయిలర్లు అచ్చట రేయింబవళ్లు పనిచేయుచుండును.

ఆ పెద్ద బాయిలర్లకు కట్టుదిట్టములు గట్టివి. ప్రభుత్వ తనిఖీ అధికారి పరీక్షించి అనుమతించనిదే వానిని నడుపరాదు. 1923 నాటి చట్టమును, దాని స్థానమున 2025లో వచ్చిన క్రొత్త చట్టమును ఈ విషయమును శాసించినవి. కాని నీటిని 100 డిగ్రీలకు లోపుగా వేడిచేయు పాత్రలు ఆ చట్టము క్రిందికి రావు. అనగా, ఇంటి స్నానపు గదిలో గోడకు వ్రేలాడు చిన్న బాయిలరునకు ఏ అధికారియు తనిఖీకి రాడు. దానికి తనిఖీ చేయవలసినవారు ఆ ఇంటి యజమానియు, ఇల్లాలును మాత్రమే. కర్మాగారములో ఉష్ణమాపకమునుండి కన్ను త్రిప్పని కార్మికుడు సైతము తన ఇంటి గీజరులోని నీరు ఎన్ని డిగ్రీల వేడిమిలో ఉన్నదని అడిగినచో సమాధానము చెప్పజాలకపోవుట సామాన్యము. ఆ సమాధానము ఏదియై ఉండవలెనో, దానిని ఎట్లు తెలిసికొనవలెనో ఈ చిన్న పాఠములో వివరింపబడును.

ఇంటి బాయిలరు అనగానేమి?

శీతల దేశములలో ఇంటి బాయిలరు అనగా గదులన్నిటిని వెచ్చబరచు యంత్రము. మన ప్రాంతములలో దాని అవసరము లేదు. చలికాలపు రాత్రులలో రాయపూరు పరిసరములలో వేడిమి అప్పుడప్పుడు 10 డిగ్రీల చేరువకు దిగినను, పగటి ఎండ ఇంటిని వెచ్చబరచును. మనకు బాయిలరు కావలసినది స్నానపు నీటికే. పూర్వము తెలుగువారి పెరళ్లలో రాగి బాయిలరు ఉండెడిది. నడుమ గొట్టములో బొగ్గులు మండగా చుట్టును ఉన్న నీరు కాగెడిది. అంతకు పూర్వము కట్టెల పొయ్యిపై గంగాళమో, కాగో ఉండెడిది. నేడు ఆ స్థానమును విద్యుత్తు గీజరు, నీటిలో ముంచు కడ్డీ హీటరు, గ్యాసు గీజరు ఆక్రమించినవి.

రాగి బాయిలరు ముందు నిలిచిన ఇల్లాలికి నీరు కాగుట కంటికి కనబడెడిది, చెవికి వినబడెడిది. మూసియున్న గీజరులో ఏమి జరుగుచున్నదో తెలుపు సాధనములు రెండే: ఒక చిన్న దీపము, ఒక మర. ఆ మర విషయమున అశ్రద్ధ చేసినచో కలుగు కీడు నాలుగు విధములు: చర్మము కాలుట, నీటిలో రోగక్రిములు పెరుగుట, విద్యుత్తు వ్యర్థమగుట, బాయిలరు పాడగుట.

చర్మము ఎంత వేడిమిని ఓర్వగలదు?

1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేడిమికి చర్మము ఎంతసేపటిలో కాలునో పరిశోధించి ప్రకటించిరి. నేటికిని ఆ లెక్కలే ప్రమాణములు. పెద్దవారి చర్మము 44 డిగ్రీల వద్ద లోతుగా కాలుటకు సుమారు 6 గంటలు పట్టును. 49 డిగ్రీల వద్ద 10 నిమిషములకు కొంచెము తక్కువ పట్టును. 55 డిగ్రీల వద్ద అర నిమిషము, 60 డిగ్రీల వద్ద 5 సెకండ్లు చాలును. 70 డిగ్రీల వద్ద ఒక సెకండు కూడ పట్టదు.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. 49 నుండి 60 వరకు పెరిగినది 11 డిగ్రీలే. కాని తప్పించుకొనుటకు గల వ్యవధి నిమిషములనుండి సెకండ్లకు పడిపోయినది. చేయి తగిలి వెనుకకు తీసికొనుటకు, కుళాయి కట్టుటకు, బిడ్డను ప్రక్కకు తీయుటకు కావలసినది ఆ వ్యవధియే. పసిబిడ్డల చర్మము పలుచనిది. వారికి ఇంకను తక్కువ సమయము చాలును. వృద్ధుల చర్మమును అట్టిదే. మధుమేహముచే కాళ్ల స్పర్శజ్ఞానము తగ్గినవారికి నీరు కాలుచున్న సంగతియే తెలియదు.

ఈ కారణముచే కొన్ని దేశములు చట్టములు చేసినవి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము 1983లో ఇంటి నీటి హీటర్లను 49 డిగ్రీలకు మించకుండ అమర్చి అమ్మవలెనని శాసించినది. ఇంగ్లండులో 2010 నుండి క్రొత్త ఇండ్లలో స్నానపు తొట్టి కుళాయినుండి వచ్చు నీరు 48 డిగ్రీలకు మించరాదని గృహనిర్మాణ నియమములు చెప్పుచున్నవి.

మరి తగ్గించి ఉంచిన చాలదా?

పై మాటలు విన్నవారు గీజరును 40 డిగ్రీల వద్దనే ఉంచిన సరిపోవును గదా అని తలంపవచ్చును. నీరు తొట్టిలో నిలువయుండు బాయిలరునకు అది సరికాదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో మాజీ సైనికుల మహాసభ జరిగినప్పుడు ఒక వింత న్యుమోనియా వ్యాపించి అనేకులు జబ్బుపడిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. మరుసటి సంవత్సరము దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొని, లీజియనెల్లా అని పేరిడిరి. ఈ క్రిమి 20 నుండి 50 డిగ్రీల వరకు గల నిలువనీటిలో, ముఖ్యముగా 35 డిగ్రీల చేరువలో, వృద్ధిపొందును. 60 డిగ్రీల వద్ద నిమిషములలో నశించును. ఈ నీటిని త్రాగుటవలన కంటె, జల్లు స్నానమున లేచు సన్నని తుంపరలను పీల్చుటవలన రోగము సోకును. వృద్ధులకు, పొగత్రాగువారికి, ఊపిరితిత్తుల వ్యాధులు గలవారికి ప్రమాదము హెచ్చు.

ప్రతిదినము నీరు కాచి, వెంటనే వాడి ఖాళీచేయు చిన్న గీజరులో ఈ భయము స్వల్పము. కాని సెలవులకు స్వగ్రామమునకు పోయి రెండు మూడు వారముల తరువాత తిరిగివచ్చినప్పుడు, తొట్టిలోను గొట్టములలోను నిలిచిన నీటిని తేలికగా చూడరాదు. బాయిలరును 60 డిగ్రీలవరకు కాచి, అరగంట ఆగి, జల్లు వాడక కుళాయినుండి నెమ్మదిగా ఆ నీటిని పారబోసి, ఆపైన స్నానము చేయవలెను.

కాబట్టి నియమము ఇది: తొట్టిలో 60, మేనిపై 40. ఈ రెండు అంకెలకు నడుమ ఉండవలసినది మనిషి వివేకము.

60 కంటె పైకి ఏల పోరాదు?

చాల గీజర్లలో మరను 75 డిగ్రీలవరకు త్రిప్పవచ్చును. అమర్చిన దినమున పనివాడు దానిని చివరవరకు త్రిప్పిపోవుట కద్దు. దానివలన మేలేమియు లేదు.

25 లీటర్ల గీజరును దృష్టాంతముగా తీసికొందము. చలికాలపు కుళాయి నీరు 20 డిగ్రీలున్నదనుకొందము. దానిని 60 డిగ్రీలకు కాచుటకు సుమారు 1.16 యూనిట్ల విద్యుత్తు కావలెను. 75 డిగ్రీలకు కాచుటకు 1.6 యూనిట్లు కావలెను. 2000 వాట్ల గీజరు మొదటి పనికి 35 నిమిషములు, రెండవ పనికి 48 నిమిషములు తీసికొనును. అధికముగా కాచిన నీటిని వాడక మిగిల్చినచో ఆ వేడిమి తొట్టి గోడలగుండ గాలిలో కలిసిపోవును. తొట్టి ఎంత వేడెక్కిన అంత త్వరగా వేడిమిని కోల్పోవుట ప్రకృతి ధర్మము. గీజరు కొనునప్పుడు చూడవలసిన నక్షత్రముల చీటీ ఈ నష్టమునకు కొలమానమే. నక్షత్రములు ఎక్కువైనకొలది, కాగిన నీరు తన వేడిమిని ఎక్కువసేపు నిలుపుకొనును.

రెండవ కారణము సున్నము. రాయపూరు మైదానములో చాల భాగము సున్నపురాతి నేల. అట్టి నేలలోని బోరు నీటిలో సున్నపు లవణములు అధికముగా ఉండును. నీరు ఎంత కాగిన ఆ లవణములు అంతగా విడివడి, కాచు కడ్డీపై తెల్లని పెంకుగా పేరుకొనును. 60 డిగ్రీలు దాటిన కొలది పెంకు మరింత త్వరగా కట్టును. పెంకు కట్టిన కడ్డీ తన వేడిమిని నీటికి అందింపలేక తానే మాడిపోవును. ఇట్టి నీరు వాడు ఇండ్లలో రెండేండ్లకొకసారియైనను గీజరును విప్పించి, పెంకు తీయించి, తొట్టి త్రుప్పుపట్టకుండ కాపాడు మెగ్నీషియము కడ్డీ అరిగినదేమో చూపించుకొనవలెను.

వేడిమిని కొలుచు విధము

అనేక గీజర్లపై డిగ్రీలు వ్రాసియుండవు. తక్కువ, మధ్యమము, ఎక్కువ అను గుర్తులు మాత్రముండును. ఆ గుర్తులను నమ్మక, కొలిచి తెలిసికొనుట ఉత్తమము. జ్వరము చూచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. దాని కొలత 42, 43 డిగ్రీలతో ముగియును. 100 డిగ్రీలవరకు చూపు వంటింటి థర్మామీటరు కావలెను.

ముందుగా గీజరు దీపము ఆరువరకు నీరు కాగనీయవలెను. దీపము ఆరినదనగా లోపలి థర్మోస్టాటు విద్యుత్తును తెంచినదని అర్థము. ఆ పిమ్మట వేడినీటి కుళాయి త్రిప్పి, గొట్టములోని చల్లని నీరు పోనిచ్చి, చేతికి తగులకుండ స్టీలు చెంబును నింపవలెను. థర్మామీటరును అందుంచి ఒక నిమిషము తరువాత చూడవలెను. 60 కంటె ఎక్కువ చూపినచో మరను కొంచెము వెనుకకు త్రిప్పి, మరునాడు తిరిగి కొలువవలెను. మూడు నాలుగు దినములలో సరియైన చోటు దొరకును. ఆ చోట రంగుతో ఒక గీత పెట్టుకొన్నచో మరల వెదకనక్కరలేదు. మర గీజరు మూతలోపల ఉన్నయెడల విద్యుత్తు పనివానిచేతనే త్రిప్పించవలెను.

గంట గడచినను దీపము ఆరనిచో, కుళాయినుండి ఆవిరితో కూడిన నీరు వచ్చుచున్నచో, థర్మోస్టాటు చెడినదని గ్రహింపవలెను. వెంటనే స్విచ్చి కట్టివేసి, గీజరు దానంతటది చల్లారువరకు ఎవరిని దగ్గరకు పోనీయరాదు. బాగుచేయించనిదే తిరిగి వాడరాదు.

కారుచున్న కవాటము

నీరు 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కునప్పుడు నూటికి ఒకటిన్నర వంతు పెరుగును. 25 లీటర్ల తొట్టిలో ఆ పెరుగుదల ముప్పాతిక పావు లీటరు కాదు, సుమారు 0.4 లీటరు. వెనుకకు పోవు దారి లేని తొట్టిలో ఆ అధికపు నీరు రక్షణ కవాటముగుండ చుక్కలు చుక్కలుగా వెలికివచ్చును. కొందరు దీనిని లోపమని భ్రమించి, ఆ రంధ్రమును మేకుతోనో, మైనముతోనో మూయుదురు. ఇంతకంటె ప్రమాదకరమైన పని లేదు. కర్మాగారములోని పెద్ద బాయిలరునకు రక్షణ కవాటము ఎట్లు ప్రాణరక్షకమో, ఇంటి బాయిలరునకును అట్లే. దానికి గొట్టము తగిలించి నీటిని మోరీలోనికి మళ్లించవచ్చునే గాని మూయరాదు.

నీరు కలుపు పద్ధతి

వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. 60 డిగ్రీల నీటికి సమానముగా 20 డిగ్రీల నీరు కలిపినచో 40 డిగ్రీల నీరగును. అనగా 15 లీటర్ల గీజరునుండి 30 లీటర్ల స్నానపు నీరు సిద్ధించును. కలుపునప్పుడు క్రమము ముఖ్యము. బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేన్నీళ్లు కలుపవలెను. ముందు వేన్నీళ్లు పట్టి, చన్నీళ్ల కుళాయి త్రిప్పులోపల బిడ్డ వచ్చి చేయిపెట్టుటయో, బకెట్టులో పడుటయో సంభవించును. కలిపిన నీటిని చేతితో అడుగువరకు కలియబెట్టి చూడవలెను. పైన చల్లగాను, లోపల వేడిగాను ఉండవచ్చును.

పసిబిడ్డలకు లాలపోయు పద్ధతి మన ఇండ్లలో పవిత్రముగా నిలిచియున్నది. అమ్మమ్మ కాళ్లు చాచి, బిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని, నూనె అంటి, నలుగుపెట్టి, నీరు పోయును. ఆ నీరు 37, 38 డిగ్రీలకు మించరాదు. పనిచేసి కాయలు కాచిన అరచేయి వేడిమిని సరిగా తెలుపదు. మోచేతిని నీటిలో ముంచి చూడవలెను. బిడ్డ కాళ్లపై ఉండగా మరియొకరు గీజరునుండి నేరుగా బకెట్టులో వేన్నీళ్లు పోయరాదు. బాలింతకు ఎంత వేడినీరు పోసిన అంత మేలని తలంచుటయు సరికాదు. ఆమెకును ఓర్వదగిన వేడిమియే మేలు.

కుళాయిని తానుగా త్రిప్పగల వయస్సు బిడ్డలున్న ఇంట మరను 50 డిగ్రీల వద్ద ఉంచుట క్షేమము. అట్టివారు వారమునకొకసారి, పిల్లలు స్నానపు గదిలో లేని సమయమున, మరను 60కి పెంచి నీరు కాచి, ఆ నీటిని వాడి, మరల తగ్గింపవలెను. వేసవిలో మిద్దెమీది తొట్టినీరే వెచ్చగా కాగియుండును గనుక గీజరును పూర్తిగా కట్టివేయవచ్చును.

కడ్డీ హీటరు, గ్యాసు గీజరు

కడ్డీ హీటర్లలో సాధారణముగా వేడిమిని అదుపుచేయు మర ఉండదు. 1500 వాట్ల కడ్డీ 15 లీటర్ల నీటిని 14 నిమిషములలో 20 నుండి 40 డిగ్రీలకు తెచ్చును. 28 నిమిషములలో 60కి, గంటలోపల తెర్లుటకు తెచ్చును. కాబట్టి దానికి మర గడియారమే. నీటిలో చేయిపెట్టుటకు ముందు స్విచ్చి కట్టుటయే గాక ప్లగ్గును కూడ ఊడదీయవలెను. అది పనిచేయుచున్న గదిలో పిల్లలను విడువరాదు.

గ్యాసు గీజరులోని అపాయము వేరు. మూసిన గదిలో గ్యాసు మండినప్పుడు ప్రాణవాయువు తగ్గి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట మొదటి గుర్తులు. ఆపైన మనిషి తలుపు తీయుటకును శక్తి చాలక పడిపోవును. మన దేశములో ఈ విధముగా స్నానపు గదులలో మరణించినవారి వార్తలు ప్రతి చలికాలమును వినవచ్చుచున్నవి. గ్యాసు గీజరును స్నానపు గది వెలుపల, గాలి ఆడుచోట అమర్చి, వేడినీటి గొట్టమును మాత్రమే లోనికి తేవలెను.

శీతల దేశములలో ఉన్నవారికి

పిల్లలతో ఉండుటకు ఇంగ్లండు మొదలగు దేశములకు పోవు తల్లిదండ్రులు అచ్చటి బాయిలరునకు రెండు మరలుండుట చూతురు. ఒకటి గదులను వెచ్చబరచు నీటికి, రెండవది కుళాయి నీటికి. గదుల మరను 60 డిగ్రీల చేరువకు తగ్గించినచో నేటి బాయిలర్లు మేలుగా పనిచేయును. గదులు చుట్టి తిరిగివచ్చు నీరు 55 డిగ్రీలకు లోపుగా ఉన్నప్పుడే పొగలోని ఆవిరి ద్రవమై, తనలోని వేడిమిని తిరిగి ఇచ్చును. నిలువ తొట్టి ఉన్న ఇంట కుళాయి నీటి మర 60కి తగ్గరాదు. తొట్టి లేక, అప్పటికప్పుడు కాచు బాయిలరైనచో 50 చాలును. గదిలో గాలి వేడిమి 18 డిగ్రీలకు తగ్గకుండ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది.

కాలినప్పుడు చేయవలసినది

వేడినీరు పడిన వెంటనే తడిసిన బట్టలు, గాజులు, మొలత్రాడు తీసివేయవలెను. చర్మమునకు అంటుకొన్న బట్టను మాత్రము లాగరాదు. కాలిన చోటును కుళాయి ధారక్రింద 20 నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ పెట్టరాదు. పసుపు, నెయ్యి, సిరా, పండ్లపేస్టు పూయరాదు. అవి వేడిమిని లోపల బంధించును, వైద్యుని కంటికి గాయమును మరుగుపరచును. బొబ్బలు చిదుపరాదు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పసిబిడ్డకు ఎంత చిన్న గాయమైనను, పెద్దవారికి ముఖము, చేతులు, కీళ్లు, మర్మస్థానములు కాలినను ఆలస్యము చేయరాదు. 108కి ఫోను చేసిన అంబులెన్సు వచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన నియమములు

ఈ క్రింది వానిని కాగితముపై వ్రాసి గీజరు స్విచ్చి దగ్గర అంటించుకొనుడు.

1. తొట్టిలో 60 డిగ్రీలు, మేనిపై 40 డిగ్రీలు, పసిబిడ్డకు 37 లేక 38.
2. కుళాయి త్రిప్పగల పిల్లలున్న ఇంట 50, వారమునకొకసారి 60.
3. బకెట్టులో ముందు చన్నీళ్లు, తరువాత వేన్నీళ్లు.
4. బిడ్డకు పోయుటకు ముందు మోచేతితో పరీక్ష.
5. నీరు కాగిన పిమ్మట స్విచ్చి కట్టి స్నానమునకు దిగుడు. ఎర్తు తీగ, విద్యుత్తు కారినచో తానుగా తెంచు స్విచ్చి తప్పక ఉండవలెను.
6. రక్షణ కవాటమును ఎన్నడును మూయకుడు.
7. గంటకైనను దీపము ఆరనిచో విద్యుత్తు కట్టి, పనివానిని పిలువుడు.
8. గ్యాసు గీజరు స్నానపు గది వెలుపలనే ఉండవలెను.
9. కాలినచో 20 నిమిషములు కుళాయి ధార, ఆపైన వైద్యుడు.

కర్మాగారపు బాయిలరును ఒక అధికారి ఏడాదికొకసారి చూచిపోవును. ఇంటి బాయిలరును ఇంటివారు చలికాలము ప్రారంభమున ఒక పూట చూచుకొన్న చాలును. అందుకు కావలసినది ఒక థర్మామీటరు, ఒక చెంబు, అరగంట తీరిక.